ముందు లోపలికి, తర్వాత కిందికి

ఆ సైటులో ఆయన్ని బావగారూ అని పిలవని మనిషి లేడు. నిజానికి ఆయన బావగారైంది ఒక్క సూపర్‌వైజరుకే. సూపర్‌వైజరు అక్కను ఆయన పెళ్లాడి ఇరవై ఆరేళ్లయింది. కానీ రోజుకు వందసార్లు "బావా, ఈ ప్యాలెట్టు అటు", "బావా, ఆ ఇనుము ఇటు" అని సూపర్‌వైజరు అరుస్తుంటే వినీ వినీ మొదట తాపీమేస్త్రీకి అంటుకుంది, తర్వాత కమ్మీలు కట్టేవాళ్లకు, ఆ తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్‌కు. ఆఖరికి పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చే పెద్ద ఇంజనీరు కూడా కారు దిగుతూనే "ఏం బావగారూ, కులాసానా?" అంటాడు. ఒక్క పెళ్లితో అరవై మందికి చుట్టరికం కలిసిన సైటు ఇంకెక్కడా ఉండదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చే ఆయన భార్య అందరికీ అక్క. ఈ వరసల్లో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఆయన మీద ఎంత కోపమొచ్చినా తిట్టడానికి ఎవరికీ నోరు రాదు.

కోపం రాకుండా ఉండదు మరి. బావగారు నడిపేది ఫోర్క్‌లిఫ్టు. గోదాముల్లో నున్నటి గచ్చు మీద గిరగిరా తిరిగే బుల్లి బండి కాదు, ట్రాక్టరుకున్నంత పెద్ద టైర్లతో బురదలోనూ రాళ్లలోనూ పడి లేచే మొరటు ఫోర్క్‌లిఫ్టు. దాని మీద ఆయనవి పందొమ్మిదేళ్లు. బరువు ఎత్తే ముందు రెండుసార్లు హారన్ కొట్టి, చుట్టుపక్కల కనిపించే తలకాయలన్నిటినీ వేలితో చూపిస్తూ పైకి లెక్కపెడతారు. ఆ పక్క ఆ పూట ఎంతమంది పని చేస్తున్నారో పొద్దున్నే కనుక్కొని ఉంచుకుంటారు. లెక్కలో ఒక్క తలకాయ తగ్గినా, ఆ మనిషి ఎక్కడున్నాడో తెలిసే దాకా లివరు ముట్టుకోరు. మేస్త్రీ నెత్తీ నోరూ బాదుకున్నా సరే. ఒకసారి ఆ తగ్గిన తలకాయ వీధి చివర కొట్లో టీ తాగుతోందని తేలేసరికి పావుగంట పట్టింది. అయినా పందొమ్మిదేళ్లలో ఆయన బండి కింద ఒకరి చెప్పు కూడా నలగలేదు.

ఇప్పుడు ఆ సీటుకే ఎసరొచ్చింది.

కడుతున్నది మూడంతస్తుల బడి. స్థలం ఇరుకు. మూడు వైపులా ఇళ్ల గోడలు, నాలుగో వైపు ఒకే ఒక్క గేటు. పెద్ద యంత్రాలు రెండు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెనక్కి వెళ్లి వీధిలో నిలబడాల్సిందే. అందుకని పై ఆఫీసు తేల్చి చెప్పింది. బరువులెత్తే యంత్రం ఒక్కటే ఉండాలి. ఇప్పుడున్న ఫోర్క్‌లిఫ్టునే ఉంచుకుంటారో, టెలీహ్యాండ్లర్ తెప్పించుకుంటారో సూపర్‌వైజరే ఎంచుకొని, కారణాలు రాసి, శనివారంలోగా ఫారం పంపాలి.

ఫోర్క్‌లిఫ్టు బరువును తిన్నగా పైకి ఎత్తుతుంది. గోడ మీద పెట్టాలంటే అది గోడ దాకా వెళ్లాలి. టెలీహ్యాండ్లర్‌కి పొడుగ్గా సాగే ఇనుప చెయ్యి ఉంటుంది. పనివాళ్లు దాన్ని తొండం అంటారు. దూరంగా నిలబడి, బల్ల అవతలున్న గ్లాసు అందుకున్నట్టు, తొండం చాచి మూడో అంతస్తు దాకా అందిస్తుంది. ఈ సైటులో బడి ముందు పన్నెండు అడుగుల వెడల్పున పైపుల కోసం కాలువ తవ్వి ఉంది. గోడ దాకా ఫోర్క్‌లిఫ్టు వెళ్లే దారి లేదు. ఏది కావాలో చెప్పడానికి సూపర్‌వైజరే అక్కర్లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ చాలు.

ఆ సంగతి సూపర్‌వైజరుకు తెలియక కాదు. టెలీహ్యాండ్లర్‌కి వేరే లైసెన్సు కావాలి, బావగారికి అది లేదు. టెలీహ్యాండ్లర్ వస్తే దానితోపాటు ఇంకో ఆపరేటరు వస్తాడు. యాభై ఏడేళ్ల మనిషిని, మొరటు ఫోర్క్‌లిఫ్టు తప్ప ఇంకేమీ తెలియని మనిషిని, ఇంకో సైటువాళ్లు పిలిచి సీటివ్వరు. ఈ సీటు దిగితే ఆయనకు మళ్లీ ఎక్కడానికి సీటు లేదు. అదీకాక, ఇరవయ్యేళ్ల వయసులో దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతున్న తనను సైటుకు తీసుకొచ్చి, టేపు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పింది ఈ బావే. అందుకే ఫారంలో పెన్సిలుతో ఫోర్క్‌లిఫ్టు అని రాసి పెట్టుకున్నాడు. కారణాలూ రాశాడు. ఇరుకులో తేలిగ్గా తిరుగుతుంది. లారీలోంచి సరుకు త్వరగా దించుతుంది. గేటు మీది కరెంటు తీగల కింద ఇబ్బంది లేకుండా దూరుతుంది. అన్నీ నిజాలే. అన్నీ నిజాలే కాబట్టి మనసు మరీ పీకుతోంది.

రాయని సంగతి ఒకటుంది. కాలువ మీద వేసిన చెక్కపలక. బావగారు బ్లాకులు పేర్చిన చెక్క ప్యాలెట్టు తెచ్చి కాలువ ఒడ్డున దించుతారు. అక్కణ్నుంచి నలుగురు ఆడవాళ్లు సిమెంటు బ్లాకులు రెండేసి నెత్తిన పెట్టుకొని, ఆ పలక మీద కాలువ దాటి, మెట్లెక్కి పైకి మోస్తారు. వాళ్లలో ముందు నడిచేది పొడుగమ్మ. తలుపుల కింద వంగి దూరే మనిషి కాబట్టి ఆ పేరు. నలభై దాటాయి, నోరు మాత్రం పదహారేళ్ల పిల్లది. "ఇంకెన్నాళ్లే ఈ మోత?" అని తోటివాళ్లు అడిగితే "మీ మెడలు కూడా నా అంత పొడుగయ్యే దాకా" అంటుంది. అని నవ్వుతుంది. నవ్వాక మెడ వెనక చెయ్యేసుకొని నొక్కుకుంటుంది.

"పైపులెప్పుడొస్తాయయ్యా?" అని బావగారు రెండుసార్లు అడిగారు.

"వచ్చే వారం బావా. రాగానే కాలువ పూడ్చేస్తాం, మీరు గోడ దాకా వెళ్లిపోవచ్చు" అని రెండుసార్లూ చెప్పాడు సూపర్‌వైజరు. పైపులు మూడు నెలలకు గానీ రావని అతనికి అప్పటికే కబురొచ్చింది.

బుధవారం పొద్దున ఎవరూ అడక్కుండానే ఒక టెలీహ్యాండ్లర్ గేటు ముందు వచ్చి నిలబడింది. ఫారం పంపే ముందు రెండూ చూసి మరీ ఎంచుకోండని పెద్ద ఇంజనీరు ఒక రోజు పరీక్షకు పంపించాడట. దాన్ని నడుపుకుంటూ వచ్చింది ముప్పయ్యేళ్ల అమ్మాయి. యంత్రాలు అద్దెకిచ్చే యార్డులో కొత్త ఆపరేటర్లకు పని నేర్పేది ఆమే. చేతిలో పుస్తకం, చెవి వెనక పెన్ను, ఏది అడిగినా "ముందు మీరేమనుకుంటున్నారో చెప్పండి" అని ఎదురు ప్రశ్న. మధ్యాహ్నానికల్లా ఆమెకు టీచరమ్మ అని పేరు పడిపోయింది.

పొద్దుటి పూట పని చూసి సూపర్‌వైజరుకు ప్రాణం లేచొచ్చింది. లారీలో సరుకును బావగారు నలభై నిమిషాల్లో దించి పారేశారు. అంతే సరుకున్న రెండో లారీకి టీచరమ్మకు గంటన్నర పట్టింది. తొండం అడ్డొచ్చి కుడివైపు సరిగ్గా కనిపించదు, ప్రతి మలుపులోనూ కిందినుంచి ఇంకొకరు చెయ్యి ఊపాలి. సూపర్‌వైజరు ఆ సంగతంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు.

మధ్యాహ్నం టీచరమ్మ కాలువకు ఇవతల యంత్రాన్ని నిలిపి, దాని ముందున్న రెండు ఆసరా కాళ్లు చెక్కదిమ్మల మీద ఆనించి, తొండం చాపింది. బ్లాకుల ప్యాలెట్టు కాలువ మీదుగా గాలిలో వెళ్లి రెండో అంతస్తులో దిగింది. తర్వాతది మూడో అంతస్తులో. నలుగురు ఆడవాళ్లకు రెండు రోజులు పట్టే మోత గంటలో అయిపోయింది. పొడుగమ్మ తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి భుజాన వేసుకొని, నోరు తెరుచుకొని చూస్తూ నిలబడింది. ఆమె నోరు తెరిచి ఏమీ అనకుండా ఉండడం సైటులో అదే మొదటిసారి.

బావగారు కూడా చూశారు. చాలాసేపు చూశారు. చివరికి దగ్గరికెళ్లి అన్నారు. "ఒకసారి నేనూ చూస్తానమ్మా."

టీచరమ్మ ఆయన్ని అరగంట ఖాళీ తొండంతో ఆడించింది. నాలుగు చక్రాలూ ఒక్కసారే పక్కకు తిరిగి యంత్రం ఎండ్రకాయలా నడుస్తుంటే పనివాళ్లు ఈలలేశారు. తర్వాత సగం ప్యాలెట్టు బ్లాకులు పెట్టించి, రెండో అంతస్తు అంచు చూపించి, "అక్కడిదాకే సార్, అంతకంటే చాపొద్దు" అని కిందికి దిగి నిలబడింది.

బావగారు రెండుసార్లు హారన్ కొట్టారు. లెక్కపెట్టారు. "తొమ్మిది. ఒకరేరీ?"

"ఇదిగో, ఇక్కడే ఉన్నా!" పలక మధ్యలోంచి పొడుగమ్మ అరిచింది. "కొత్త బండెక్కినా ఈ లెక్క మాత్రం వదలరా బావగారూ?"

"ముందు దిగమ్మా నువ్వు."

ఆమె పలక దిగి దూరంగా వెళ్లేదాకా ఆగి, అప్పుడు ఎత్తారు. ఎత్తడం బాగానే ఎత్తారు. కానీ రెండో అంతస్తు అంచు దాటి లోపలికి, మేస్త్రీ నిలబడి పనిచేసే చోటుకే అందిద్దామనుకున్నారు. పక్కన బావమరిది చూస్తున్నాడు, అరవై మంది చుట్టాలు చూస్తున్నారు. తొండం ఇంకొంచెం చాపారు. ఇంకొంచెం. ఎర్ర దీపం వెలిగి గంట మోగింది.

ఆయన చెయ్యి లివరు మీద పడి బరువును కిందికి దించడం మొదలుపెట్టింది. ఆయన ఆలోచించలేదు, చెయ్యే ఆ పని చేసింది. దిగుతున్న కొద్దీ తొండం వాలి, ప్యాలెట్టు మరింత ముందుకు పోయింది. యంత్రం వెనక చక్రాలు బురదలోంచి బెత్తెడు పైకి లేచాయి.

"దించకండి! లోపలికి లాగండి! లోపలికి!" టీచరమ్మ గొంతు చిరిగిపోయేలా అరిచింది.

ఒక క్షణం ఆయనకు ఏ లివరు ఏదో తెలియలేదు. తర్వాత తొండం లోపలికి వచ్చింది. వెనక చక్రాలు ధబ్బున నేలనంటాయి. తొండం కింద పలక ఖాళీగా ఉంది. పొడుగమ్మ ఇరవై అడుగుల దూరంలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

బావగారు దిగి, యంత్రం పక్కనే బురదలో నిలబడిపోయారు. ఆయన మొహం చూడలేక సూపర్‌వైజరు టీచరమ్మ వైపు తిరిగాడు.

"పాత మోడలు సార్ ఇది. గంట కొడుతుంది గానీ తనంతట తాను ఆగదు" అంది టీచరమ్మ. "ఫోర్క్‌లిఫ్టులో ఏదైనా తేడా వస్తే కిందికి దించెయ్యడమే క్షేమం. ఇక్కడ తొండం చాచి ఉండగా దించితే బరువు ఇంకా దూరం పోతుంది, బండి బోర్లా పడుతుంది. ముందు లోపలికి, తర్వాత కిందికి. నిజం చెప్పాలంటే ఈ తప్పు కొత్తవాళ్లు చెయ్యరు. ఫోర్క్‌లిఫ్టు బాగా నడిపినవాళ్లే చేస్తారు."

ఓదారుస్తున్నట్టే అంది. అది బావగారికి ఎంత లోతుగా దిగిందో సూపర్‌వైజరు చూశాడు. చూసి జాలిపడ్డాడు. ఆ జాలి వెనకే, దొంగలా, ఒక హాయి కూడా వచ్చింది. ఇంక సాకు వెతుక్కోనక్కర్లేదు. ఈ యంత్రం మన సైటుకు ప్రమాదం అని రాసెయ్యొచ్చు. ఆ సాయంత్రమే పెన్సిలు గీతల మీద ఇంకుతో ఫోర్క్‌లిఫ్టు అని దిద్దాడు. సంతకం మాత్రం శుక్రవారం పెడదామని ఉంచాడు. ఎందుకు ఉంచాడో అడిగితే చెప్పలేడు.

శుక్రవారం పొద్దున్నే బావగారు డీజిలు చీటీ కోసం రేకుల గదిలో ఉన్న ఆఫీసుకు వచ్చారు. సూపర్‌వైజరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎదురుగా గోడకు సైటు పటం అతికించి ఉంది. బావగారు కళ్లజోడు తీసి తుడుచుకొని, పెట్టుకొని, దాని ముందు నిలబడ్డారు. ఫోర్క్‌లిఫ్టు దించే చోటు నుంచి పలక మీదుగా, మెట్ల మీదుగా, మూడో అంతస్తు దాకా చుక్కల గీత ఒకటి ఉంది. దాని పక్కన బావమరిది చేతిరాత: చేతి మోత, పదమూడు వారాలు.

సూపర్‌వైజరు ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.

"పైపులు వచ్చే వారం వస్తాయన్నావు."

సూపర్‌వైజరు ఫోనును బల్ల మీద అటూ ఇటూ జరిపాడు.

"పదమూడు వారాలని నీ చేత్తోనే రాశావు కదయ్యా."

"బావా, అది కాదు... పైపులు ఆలస్యం..."

"ఆ ఫారం ఇటివ్వు."

ఇచ్చాడు. బావగారు కారణాలన్నీ నిదానంగా చదివారు. ఇరుకులో తేలిగ్గా తిరగడం, తీగల కింద దూరడం, లారీ త్వరగా ఖాళీ చెయ్యడం. చదివి బల్ల మీద పెట్టారు.

"అన్నీ నిజమే రాశావు. పలక సంగతి ఎక్కడా లేదేం?"

"ఏం రాయమంటారు బావా? మీ సీటు పోతుందని రాయనా?" సూపర్‌వైజరు గొంతు పెరిగింది. "మొన్న చూశారుగా! చక్రాలు గాల్లోకి లేచాయి! ఆ బండి మీకొద్దు, దాని గొడవ మనకొద్దు. రేపు అక్క మొహం నేనెలా చూడను?"

"మీ అక్క మొహం తర్వాత చూద్దువుగాని, ముందు అది చూడు." బావగారు కిటికీలోంచి చూపించారు. పలక మీద పొడుగమ్మ నడుస్తోంది. నెత్తిన రెండు బ్లాకులు. పొద్దుటి మంచుకు పలక తడిగా ఉంది, ఒక్కో అడుగూ కాలివేళ్లతో తడిమి వేస్తోంది. "రోజూ బరువెత్తే ముందు తలకాయలు లెక్కపెడతాను నేను, ఒక్కటి కూడా నా బరువు కింద ఉండకూడదని. ఇప్పుడు చూస్తే ఆ బరువంతా ఆ తలకాయల మీదే పెట్టాను. నా సీటు కోసం పదమూడు వారాలు వాళ్ల మెడల మీద మోయిస్తావా? మళ్లీ నాతో చెప్పకుండా?"

ఆ చివరి మాటకు సూపర్‌వైజరుకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో బావ తనను చెయ్యెత్తి కొట్టిన రోజు లేదు. కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

"మరి మీరేం చేస్తారు?" అని మెల్లగా అడిగాడు.

"నేర్చుకుంటాను."

"రాకపోతే?"

"రాకపోతే ఇంట్లో కూర్చుంటాను, మీ అక్క చేత తిట్లు తింటాను. ఆ అనుభవం ఉందిలే నాకు." నవ్వబోయారు, నవ్వు కుదరలేదు. "కొత్త ఫారం తియ్యి."

సోమవారం ఫోర్క్‌లిఫ్టును తీసుకెళ్లడానికి ట్రైలరు వచ్చింది. బావగారే దాన్ని ట్రైలరు మీదికి ఎక్కించి, ఇంజను ఆపి, సీటు మీది పాత దిండు చంకలో పెట్టుకొని దిగారు. గొలుసులు బిగించేదాకా పక్కనే ఉండి, ట్రైలరు వీధి మలుపు తిరిగేదాకా చూసి, వెళ్లి మొహం కడుక్కున్నారు.

టెలీహ్యాండ్లర్ టీచరమ్మతో సహా వచ్చింది. ఆమె మూడు వారాలు ఉంటుంది. ఆలోగా యార్డు పరీక్షకుడు వచ్చి బావగారిని పరీక్షిస్తాడు. గట్టెక్కితే సీటు ఆయనది, లేకపోతే వేరే ఆపరేటరుది. అందరికీ తెలిసిన సంగతే. మేస్త్రీ పందెం కాయబోతే పొడుగమ్మ మీద పడి కరిచినంత పని చేసింది.

నేర్చుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. తలకు అన్నీ అర్థమయ్యాయి. క్యాబిన్లో అతికించిన బరువుల పట్టిక రెండు రోజుల్లో కంఠతా వచ్చింది, ఎంత దూరానికి ఎంత బరువో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. చెయ్యి మాత్రం వినలేదు. టీచరమ్మ ఖాళీ తొండం చాపించి, "గంట!" అని అరిచేది. చెయ్యి కిందికే వెళ్లేది. మళ్లీ చాపించేది. మళ్లీ కిందికే. "పందొమ్మిదేళ్లు పెంచి పెద్దచేశానమ్మా దీన్ని, ఇప్పుడు నా మాటే వినడం లేదు" అని కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకొని చూసుకునేవారు. టీచరమ్మ కూడా ఈపాటికి సార్ మానేసి బావగారూ అంటోంది. ఆయన తలకాయలు లెక్కపెట్టడం మాత్రం తన పుస్తకంలో రాసుకుంది, యార్డులో పిల్లలకు చెప్పాలని.

రెండో ఆదివారం సూపర్‌వైజరు అక్కగారింటికి భోజనానికి వెళ్లాడు. అక్క ఎప్పటిలాగే కూర వడ్డించింది గాని, తమ్ముడి మొహంలోకి చూడలేదు. భోజనాలయ్యాక అటక మీది ఇనప్పెట్టె దించమని భర్తకు పురమాయించింది. బావగారు ముక్కాలిపీట ఎక్కారు. సూపర్‌వైజరు పీట పట్టుకున్నాడు. ఆయన పెట్టెను అంచుదాకా లాగి, రెండు చేతులూ చాచి ఎత్తి, అలాగే కిందికి దించబోయారు. పీట ఊగింది.

"ఏవండీ! చేతులు చాచి దించుతారేంటి, ఇద్దరూ కలిసి నా నెత్తిన పడదామనా?" అక్క కేకేసింది. "ముందు పొట్టకానించుకోండి, తర్వాత దించండి!"

బావగారు పెట్టెను పొట్టకు లాక్కొన్నారు. పీట ఊగడం ఆగింది. ఆయన దిగలేదు. పెట్టెను అలాగే హత్తుకొని, గోడ వైపు చూస్తూ, పీట మీదే నిలబడి ఉన్నారు.

"బావా? ఏమైంది బావా?"

"మీ అక్కకు లైసెన్సు ఇచ్చెయ్యాలయ్యా" అన్నారాయన. ఆ తర్వాత పీట కదిలేంత గట్టిగా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తమ్ముడు చెబితే విని, "ఈ మాత్రం దానికి రెండు వారాలా? నన్నడిగితే మొదటి రోజే చెప్పేదాన్నిగా" అని మూతి తిప్పింది. తిప్పిన మూతి మీదే కొంగు పెట్టుకొని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె ఎందుకు వెళ్లిందో సూపర్‌వైజరుకు తెలుసు.

మర్నాటి నుంచి టీచరమ్మ గంట అని అరిచినప్పుడల్లా బావగారు "పొట్టకి!" అని పైకి అనేవారు. పది సార్లలో నాలుగు సార్లు చెయ్యి మాట వినేది. వారం చివరికి తొమ్మిది. ఆ ఒక్కటీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

పరీక్ష రోజు పరీక్షకుడు పొద్దున్నే వచ్చాడు. పొట్టి మనిషి, మాట పొదుపు. చివరి భాగం అందరూ భయపడుతున్నదే. బరువుతో తొండం గంట మోగేదాకా చాపి, క్షేమంగా వెనక్కి రప్పించాలి. సైటులో పని ఆగిపోయింది. ఎవరి పనిలో వాళ్లున్నట్టే నటిస్తూ అందరూ ఇటే చూస్తున్నారు. ఆ పూట అక్క క్యారేజీ రెండు గంటల ముందే తెచ్చింది, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంది.

హారన్ రెండుసార్లు మోగింది. క్యాబిన్లోంచి బావగారి వేలు ఒక్కొక్కరినీ చూపిస్తూ కదిలింది. ఆగింది.

"ఒకరు తగ్గారు" అన్నారు.

పరీక్షకుడు గడియారం చూసుకున్నాడు. "కింద ఎవరూ లేరు కదండీ. కానివ్వండి."

"ఒకరు తగ్గారండీ. ఎత్తను."

బావా, ఈ ఒక్కసారికి కానిచ్చెయ్యండి, అని సూపర్‌వైజరు లోపల్లోపల బతిమాలుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. అప్పుడు కాలువలోంచి, మట్టిగట్టు పక్కనుంచి, ముందు ఒక పలక చివర, దాని వెనక పొడుగమ్మ తల పైకొచ్చాయి. కాలువలోకి జారిపడి బురదలో కూరుకుపోయిన పలకను లాగడానికి కాలువలోకి దిగిందట. సరిగ్గా తొండం కింద.

పరీక్షకుడు గడియారం మీద నుంచి చూపు తీసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పొడుగమ్మ పలకను భుజాన వేసుకొని దూరంగా వెళ్లాక బరువు లేచింది. తొండం కాలువ దాటింది, అంచు దాటింది, ఇంకా సాగింది. గంట మోగింది. క్యాబిన్ అద్దంలోంచి సూపర్‌వైజరుకు బావ చెయ్యి కనిపిస్తోంది. చెయ్యి లివరును కిందికి నెట్టబోయింది. నెట్టబోయి, ఆగింది. ఆయన పెదవులు కదిలాయి. తొండం మెల్లగా, అడుగు అడుగు చొప్పున, లోపలికి వచ్చింది. గంట ఆగిపోయింది. అప్పుడు బరువు కిందికి దిగింది, చప్పుడు లేకుండా.

సూపర్‌వైజరు ఏడ్చాడు. అరవై మంది చూస్తుండగా, టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్చాడు. గేటు దగ్గర అక్క తమ్ముణ్ని చూసి ఏం జరిగిందో తెలియక, క్యారేజీ అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది. పరీక్షకుడు ఆమె చూస్తుండగానే సంతకం పెట్టి, కాగితం టీచరమ్మకిచ్చి, "ఆ లెక్క మా వాళ్లకు కూడా నేర్పమ్మా" అన్నాడు. అతను ఆ రోజు మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

బావగారు క్యాబిన్ మెట్లు ఒక్కొక్కటే దిగారు. పొడుగమ్మ పలక ఇంకా భుజానే పెట్టుకొని ఎదురొచ్చింది.

"దీన్ని ఎక్కడ పడెయ్యమంటారు బావగారూ? ఇంక దీనితో పని లేదుగా."

"పడెయ్యకు. నీళ్ల డ్రమ్ము పక్కన నీడ ఉంది చూడు, అక్కడ రెండు దిమ్మల మీద వెయ్యి. ఇన్నాళ్లూ దాని మీద నడిచావు. ఇంక కూర్చో."

ఆమె వేసింది. కానీ ముందుగా దాని మీద కూర్చున్నది బావగారే. పొడుగమ్మ ఆయన పక్కన, చివర్న, కొంచెం సర్దుకొని కూర్చుంది.